మురుగుకాలువ మొదట ఏ వీథికి?

పురపాలకసంఘములు చేయు పనులలో కొన్ని కంటికి గనబడును, కొన్ని కనబడవు. దీపస్తంభము కనబడును; ఉద్యానవనము కనబడును; చెఱువుకట్టమీది రంగుదీపములు క్రోశదూరమునుండియు గనబడును. భూమిలో నిలువెత్తు లోతున వేసిన మురుగుగొట్టము మాత్రము పూడ్చిన మఱునాటినుండి యెవరికిని గానరాదు. కానరానిదానికి పొగడ్త లేదు. పొగడ్త లేనిదానికి తొందరయు లేదు. ఐనను ఒక పట్టణము నాగరకమగునో కాదో తేల్చునది ఈ కానరాని గొట్టమే యని మా యభిప్రాయము.

సిద్దిపేటలో సెప్టిక్ ట్యాంకులకు బదులుగా భూగర్భ మురుగుకాలువలు వేయు పని ఇటీవలి సంవత్సరములలో చేపట్టబడినది. ఇట్టి పని ఏ పట్టణమునందును ఒక్కనాటితో ముగియదు. ధనము విడతలుగా వచ్చును. త్రవ్వకము వీథివెంట వీథిగా సాగును. ఒక వాడకట్టునకు కాలువ వచ్చిన నాటికి మఱియొక వాడకట్టువారు పాతగుంతతోనే కాలము గడుపవలయును. కావున ప్రతి యింటి యరుగుమీదను ఒకే ప్రశ్న వినబడును: మొదట ఏ వీథికి? దీని జవాబు ఇంజనీరు లెక్కలో నున్నదని కొందఱును, కౌన్సిలరు పలుకుబడిలో నున్నదని కొందఱును అందురు. ఈ ప్రశ్న మనకంటె ముందు ఎన్నో నగరములు ఎదుర్కొన్నవి గనుక, జవాబును చరిత్రలో వెదకుట మంచిదని మేము తలంచుచున్నాము.

మనవారికి శౌచమునందు పట్టుదల మెండు. స్నానము చేయక వంటయింట అడుగిడనివారు నేటికిని గలరు. తెల్లవారకమునుపే వాకిట కలాపి చల్లి ముగ్గు పెట్టని యిల్లాలు అరుదు. కాని ఇంటి శౌచము వేఱు, ఊరి శౌచము వేఱు. మన యింటి మురికి గడప దాటినంతనే మన శౌచము పూర్తియైనదని తలంచుట బహుకాలపు అలవాటు. గడప దాటిన మురికి ఎవరి గడప చేరినదో విచారించుట ఊరి శౌచము. ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్తమాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, వీథిలో మన్ను పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలిపినవానికి నాలుగవ వంతును జరిమానా విధింపబడినది, రాజమార్గమునందైనచో రెట్టింపు. అంతకు వేల యేండ్లకు పూర్వమే మొహెంజొదారోలో ఇండ్ల మురుగు ఇటుకలతో గట్టిన వీథికాలువలలోనికి పాఱెడిది. మన పూర్వులు ఎఱిగినదానిని నడుమ మనము మఱచితిమి.

సెప్టిక్ ట్యాంకు చరిత్ర ఇంతకంటె చాల చిన్నది. 1860 ప్రాంతమున ఫ్రాన్సుదేశమందలి వెసూలు పట్టణమున మూరా అనునతడు తన యింటి మలమును మూసిన తొట్టిలోనికి మళ్లించెను. కొన్నియేండ్ల తరువాత తెఱచిచూడగా అందు ఘనపదార్థము మిక్కిలి స్వల్పముగా నుండెను. 1881లో అతడు దానికి పేటెంటు పొందెను. 1895లో ఇంగ్లండునందలి ఎక్సెటరు పట్టణమున డొనాల్డు కామెరను అను ఇంజనీరు ఇట్టి తొట్టినే పెద్దదిగా గట్టి సెప్టిక్ ట్యాంకు అని పేరిడెను. గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు మలమును కొంత కరగించును. మడ్డి అడుగునకు దిగును. జిడ్డు పైకి తేలును. నడిమి నీరు వెలుపలికి బోవును. ఆ నీరు కొంత తేటగా గనబడినను అందలి రోగబీజములు చావవు. అది ఇంకుడుగుంతలో బడి మన్నుపొరలలో వడగట్టబడినప్పుడే అపాయము తగ్గును.

కావున సెప్టిక్ ట్యాంకునకు మూడు అవసరములు కలవు. ఇంకుడుగుంతకు చోటుండవలయును, నీటిని వడగట్టునట్టి నేల యుండవలయును, రెండు మూడేండ్ల కొకసారి మడ్డిని తోడించు గృహస్థు ఉండవలయును. తోటలో గట్టిన యింటికి ఈ మూడును సమకూరవచ్చును. గోడకు గోడ యానుకొన్న పాత వాడకట్టులో చోటు లేదు. మన దక్కను పీఠభూమిలో అనేకస్థలములయందు మన్ను పలుచన, దానిక్రింద నల్లరాయి. ఆ రాతి పగుళ్లలో బడిన మురుగు వడగట్టబడదు. పగులు దారి చూపినవైపు పోవును. ఆ పగులే ప్రక్కయింటి బోరుబావికి నీరిచ్చుచుండవచ్చును. ఇక మడ్డిని తోడించుట పదేండ్లైనను జ్ఞాపకమునకు రాని యిండ్లు ఎన్నియో గలవు. అప్పుడది ట్యాంకు గాదు. మురుగు కొంచెముసేపు ఆగిపోవు మజిలీ మాత్రమే.

ఇంతలో నీరు పెరిగినది. 1990 ప్రాంతపు దశకమున దిగువ మానేరు జలాశయమునుండి సిద్దిపేటకును చుట్టుప్రక్కల పల్లెలకును త్రాగునీరు దెచ్చిన పథకమును పెద్దలందఱు ఎఱుగుదురు. ఆ పథకమే మాదిరిగా రూపొందిన మిషను భగీరథ 2016 ఆగస్టు 7వ తేదిన గజ్వేలు దగ్గఱి కోమటిబండలో ఆరంభింపబడినది. బిందెతో నీరు మోసిన దినములలో ఇల్లాలు నీటిని చెంబు లెక్కన వాడెను. కొళాయి ఇంటిలోనికి వచ్చిన పిమ్మట ఆ లెక్క పోయినది, నడుమునొప్పియు పోయినది. అది గొప్ప మేలు. కాని ఇంటిలోనికి వచ్చిన నీటిలో నూటికి 80 వంతులు మురుగై తిరిగి పోవునని ఇంజనీర్ల లెక్క. మురుగుకాలువలు గల పట్టణమున మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలయునని ప్రభుత్వ ప్రమాణము. ఐదుగురున్న యింటికి 675 లీటర్లు. అందులో 540 లీటర్లు మురుగు. చెంబు లెక్కన నీరు వాడిన కాలపు గుంత దినమునకు 540 లీటర్లను ఎట్లు మ్రింగగలదు? నీటిని దెచ్చిన పట్టణమునకు మురుగును గొనిపోవు ఋణము కూడ సంక్రమించును.

అట్లైన ట్యాంకులన్నిటిని వెంటనే మూసి ఇండ్లను కాలువలకు గలుపుదమా? లండను నగరము ఒకప్పుడు అట్లే తొందరపడెను. 1848లో అచటి మురుగుకాలువల సంఘము, ఎడ్విను చాడ్విక్కు ప్రోద్బలమున, ఇండ్లక్రింది మలకూపములను మూసి మురుగును వీథికాలువలలోనికి వదల నాజ్ఞాపించెను. ఆ కాలువలు థేమ్సునదిలో గలియుచుండెను. నగరములో అనేకులు ఆ నదినీటినే త్రాగుచుండిరి. 1848-49 సంవత్సరములలో వచ్చిన కలరాకు ఆ నగరమున సుమారు 14,000 మంది బలియైరి. ఇంటిక్రింది విషమును నదిలో బోసి అదే నీటిని తోడి త్రాగుట ఆ విపత్తును పెంచెను. ఉద్దేశము మంచిదే, వరుస తప్పినది.

మలకూపమును అట్లే యుంచుటయు క్షేమము గాదని 1854లో తెలిసెను. బ్రాడ్ వీథిలోని పంపునీరు త్రాగి 600 మందికి పైగా మరణించినప్పుడు, జాన్ స్నో అను వైద్యుడు ఆ పంపే కారణమని నిరూపించెను. తరువాత త్రవ్విచూడగా ఆ బావికి మూడడుగుల దూరములోపలనే ఒక యింటి మలకూపము శిథిలమై యుండెను. 1858 వేసవిలో నదికంపు పార్లమెంటు కిటికీలలోనికి వచ్చినప్పుడు గాని పెద్దలకు చురుకు పుట్టలేదు. అంతట జోసెఫ్ బాజల్గెట్టు అను ఇంజనీరు, మురుగును నగరమునకు దూరముగా దిగువకు గొనిపోవు ప్రధానకాలువలను నిర్మించెను. 1865లో అవి వైభవముతో తెఱవబడెను.

కాని 1866లో మరల కలరా వచ్చెను. అది దాదాపుగా తూర్పు లండనునందే విజృంభించి 5,000 మందికి పైగా గొనిపోయెను. కలుషితమైన నీటిని సరఫరా చేసిన కంపెనీది ముఖ్యమైన తప్పు. ఐనను ఆ భాగము ఎట్టిదో గమనింపుడు. కొత్త కాలువలపని పూర్తిగాక మిగిలిన భాగమది. అచట నేల పల్లము. మురుగును యంత్రములతో పైకి తోడవలయును. ఆ యంత్రశాల 1868లో గాని పూర్తి గాలేదు. అచటివారు రేవుకూలీలు, బీదజనులు. కాలువ తమవంతు వచ్చులోపల మృత్యువు వచ్చినది. మురుగుకాలువల వరుసలో చివరివాడగుట యన నేమియో ఈ యొక్క సంవత్సరము చెప్పును.

ఇక మన రాజధానిని జూతము. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి హైదరాబాదును ముంచి వేలకొలది జనులను చంపెను. మఱుసటియేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సలహాదారుగా వచ్చి, ఎగువను జలాశయములు గట్టుటకును, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు వేయుటకును ప్రణాళిక లిచ్చిరి. ఉస్మాను సాగరము 1920లో, హిమాయత్ సాగరము 1927లో పూర్తియైనవి. మురుగుకాలువలు 1931 నాటికి పనిలోనికి వచ్చినవి. సుమారు 54 చదరపు కిలోమీటర్ల మేరకు, ఐదులక్షల జనమునకు అవి యుద్దేశింపబడినవి. త్రాగునీరు ఎగువనుండి దెచ్చి మురుగును ఊరికి దిగువకు గొనిపోవుటలో లండను నేర్పిన పాఠము గలదు.

ఐదులక్షలకు గట్టినది కోటిజనమునకు చాలునా? నగరము పెరిగిన క్రొత్తదిక్కులకు కాలువలకంటె ముందు ఇండ్లు వచ్చినవి. వానలనీటికై యున్న నాలాలే మురుగుదారులైనవి. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున నిర్మితమై ఒకప్పుడు జనులకు త్రాగునీరిచ్చిన హుస్సేను సాగరము తుదకు నాలాల మురుగును భరించు మడుగైనది. 2021లో 31 క్రొత్త శుద్ధికేంద్రములకై 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేయవలసివచ్చెను. దినమునకు సుమారు 126 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయుట వాని యుద్దేశము. వరుస తప్పిన పట్టణము ఆ తప్పును వడ్డీతో దీర్చుకొనును.

ఓరుగల్లు వేఱొక మార్గము చూపినది. కాలువలు వచ్చులోపల ట్యాంకులు లేనట్లు నటింపక, 2016లో ఆ నగరపాలకసంఘము వానిని తోడుటకును, మడ్డిని తరలించుటకును, శుద్ధిచేయుటకును నియమములు చేసెను. దేశములో ఇట్టి నియమములు చేసిన మొదటి నగరమది. తోడిన మడ్డిని పొలములోనో వాగులోనో పారబోయక శుద్ధికేంద్రమునకు చేర్చవలయును. ఇందలి వివేకము సులభముగా తెలియును. కాలువ పదేండ్లకు వచ్చునన్నప్పుడు ఆ పదేండ్లును పట్టణము బ్రదుకవలయును గదా. ట్యాంకు తాత్కాలికమైనను అందుండి వచ్చు రోగము తాత్కాలికము గాదు.

ఇంతవఱకు నీటిని గూర్చి చెప్పితిమి. మనిషిని గూర్చి చెప్పలేదు. మన దేశమున మురుగుచరిత్ర కులచరిత్రతో పెనవేసికొని యున్నది. ఒకరి శౌచమునకై మఱియొకరిని తరతరములు మలమున ముంచిన దేశము మనది. పాకీపనిని నిషేధించు చట్టము 1993లో వచ్చినది; 2013 నాటి చట్టము రక్షణసాధనములు లేక సెప్టిక్ ట్యాంకులలోనికిని మురుగుకాలువలలోనికిని మనుష్యుని దింపుటను నేరముగా చేసినది. కోలారు బంగారుగనులలో ఈ పనిచేసిన తెలుగు కుటుంబమున బుట్టిన బెజవాడ విల్సనుగారు జీవితమంతయు ఈ దురాచారముతో పోరాడి 2016లో మెగసెసే బహుమానము నందిరి. 1993 తరువాత ఇట్లు మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలయునని 2014లో సుప్రీముకోర్టు ఆదేశించెను. 2023లో ఆ మొత్తమును 30 లక్షలు చేసెను. చావునకు వెల పెంచవలసివచ్చుటయే చావు ఆగలేదనుటకు సాక్ష్యము.

సెప్టిక్ ట్యాంకు పోయి కాలువ వచ్చినంతనే ఈ పాపము తొలగునని యనుకొనరాదు. 2016 ఆగస్టులో హైదరాబాదునందలి మాదాపురములో మ్యాన్‌హోలులోనికి దిగిన కార్మికులు విషవాయువునకు బలియైరి. వారిని రక్షింప దిగినవాడును ప్రాణములు కోల్పోయెను. అది కాలువయే గాని గుంత గాదు. మఱుసటియేట అచటి జలమండలి ఇరుకువీథులలో సయితము దూరగల 70 చిన్న యంత్రవాహనములను పనిలో బెట్టెను. కావున గొట్టమునకు వెచ్చించు ధనముతోపాటు దానిని శుభ్రపఱచు యంత్రమునకును మొదటినాడే వెచ్చింపవలయును. యంత్రము కొనని పట్టణము మనిషిని దింపుటకే నిశ్చయించుకొన్నట్లు.

ఈ చరిత్రను మన సిద్దిపేటకు అన్వయించుకొందము. 2015లో ఆరంభమైన అమృత్ పథకమునకు తెలంగాణమునుండి ఎన్నికైన 12 పట్టణములలో మనది యొకటి. చింతలచెఱువు కడ మురుగు శుద్ధికేంద్రము వెలసినది. శుద్ధిచేయు తావు లేక కాలువ వేయుట 1848 నాటి లండను తప్పు; ఆ తప్పు మనము చేయకుండుట సంతోషకరము. కోమటిచెఱువును సాయంకాలము పిల్లలతో విహరింపదగిన తావుగా దిద్దుకొంటిమి. ఏ చెఱువైనను తనలోనికి వచ్చు మురుగును ఆపినన్నినాళ్లే అందముగా నుండును. కట్టమీది దీపములు దానిని రక్షింపలేవు. ఎగువ వీథులలోని కానరాని గొట్టములే రక్షించును.

మురుగుకాలువకు ఒక ధర్మము కలదు. అది వాలును అనుసరించును గాని పలుకుబడిని అనుసరింపదు. గొట్టమును దిగువనుండి ఎగువకు వేసికొని రావలయును; లేనిచో ఎగువ వేసిన గొట్టమునకు పోవు దారి యుండదు. మన యూళ్లలో పల్లపునేల, చెఱువుక్రింది నేల, వాగుదరి నేల సాధారణముగా బీదలవి. అందుచే ఇంజనీరు వరుసయు న్యాయపు వరుసయు తఱచుగా ఒక్కటే యగును. వేఱగునది పలుకుబడి వరుస. వెడల్పైన వీథిలో త్రవ్వుట సులభమనియు, సందులో యంత్రము పట్టదనియు, పల్లమున తోడుయంత్రము ఖర్చనియు చెప్పి బీదవాడకట్టును చివరికి త్రోయుదురు. తోడుయంత్రము ఆలస్యమైన చోట ఏమి జరిగినదో 1866 చెప్పినది.

కావున వరుసను నిర్ణయించువారు ప్రతి వీథికిని నాలుగు ప్రశ్నలు వేయవలయును. ఇచట త్రాగుటకో వంటకో బావినీరు, బోరునీరు వాడువారు కలరా? ఇంకుడుగుంతకు చోటు లేక ట్యాంకునీరు బయటి కాలువలో బాఱుచున్నదా? ఈ మురుగు ఏ చెఱువులో జేరుచున్నది? ట్యాంకు తోడు బండి ఈ సందులో జొరగలదా, లేక మనిషినే దింపుచున్నారా? ఈ నాలుగింటికిని చెడ్డ జవాబు వచ్చిన వీథి మొదటిది. తోటయు చోటును మంచి ట్యాంకును గల బంగళా చివరిది. ఆ జాబితాను పురపాలకసంఘపు గోడమీద అందఱు చదువునట్లు అంటింపవలయును. రహస్యమైన వరుస న్యాయమైనదైనను అనుమానమునకు తావిచ్చును.

ఇంకొక మాట. వీథిలో గొట్టము పడినంత మాత్రమున పని ముగియదు. ఇల్లు దానితో గలియవలయును. గొట్టము తనంతట శుభ్రముగా నుండుటకు నీరు క్షణమునకు రెండడుగుల వేగముతోనైన పాఱవలయును. వీథిలో సగము ఇండ్లే కలిసిన నీరు చాలక మడ్డి పేరుకొనును. అప్పుడు కాలువయే పొడవైన గుంతయగును. ఇంటిలోపలి గొట్టముపని ఖర్చునకు వెఱచి బీదవాడు వెనుదీయును గనుక, అతని కలయికఖర్చును పట్టణమే భరించుట లాభము. గలవాడు పాతట్యాంకు బాగుగనే యున్నదికదా యని వెనుదీసినచో అతనికి నియమము చూపవలయును. ఏలయన ఇది అతని యొక్కని ట్యాంకు సంగతి గాదు.

ఈ పత్రికను చదువు గృహిణులును గృహస్థులును తమ వంతు రాకమునుపే చేయదగిన పనులు కలవు. తమ ట్యాంకు ఎప్పుడు తోడబడినదో గోడమీద తేది వ్రాసి యుంచవచ్చును. తోడవచ్చినవారిని ఆ మడ్డి ఎక్కడికి గొనిపోవుచున్నారని యడుగవచ్చును. ఎంత తొందరయైనను, ఎంత తక్కువ కూలియైనను, మనిషిని లోనికి దిగనీయమని గట్టిగా చెప్పవచ్చును. వార్డుసభలో తమ వీథికి కాలువ కావలయునని యడుగువారు అనేకులు. మా వీథికంటె ముందు ఆ పల్లపు సందునకు వేయుడని చెప్పినవారిని మేమింకను చూడవలసియున్నది. అట్టివారు ఒక్కొక్క వార్డునకు పదిమంది యున్నను ఈ ప్రశ్నకు జవాబు దొరకినట్లే.